చుక్కల్లో దారిదోపిడి

పోయిన నెల పెళ్లి ఖర్చుల గురించి రాస్తే కొందరు మెచ్చుకున్నరు, ఇద్దరు దారిల ఆపి తిట్టిండ్రు. ఈ నెల ఒక ఆట గురించి రాస్తున్న. కంప్యూటర్ ఆట. నాలుగో తరగతి చదివి సాంచెలు నడిపినోనికి ఇదెందుకు అని నవ్వకండి, కొంచెం చదవండి.

మా మనవడు పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. చదువుకని మా కొడుకు కిస్తుల మీద కంప్యూటర్ కొనిచ్చిండు. ఒకనాటి రాత్రి అందరం తినేందుకు కూర్చున్నం. వాడూ వచ్చి రెండు జొన్నరొట్టెలు షేంగా చట్నీతోటి తిని లోపలికి పోయిండు. నిమిషం కాలే, "అమ్మా!" అని ఒక్క కేక. కరెంటు కొట్టిందేమో అని ఎంగిలి చేత్తోనే ఉరికిన. చూస్తే వాడు తల పట్టుకొని కూర్చున్నడు. తెర మీద నల్లటి ఆకాశం, నడుమ గుడ్డు లాంటిది ఒకటి తేలుతున్నది.

"ఏమైందిరా?"

"ఓడ పోయింది తాతా. రెండు నెలల సరుకు."

ఓడ అంటే నీళ్లల్లది కాదు, చుక్కల నడుమ తిరిగేది. ఆట పేరు ఈవ్ ఆన్‌లైన్. ఐస్‌లాండ్ దేశంల సీసీపీ అనే కంపెనీ 2003ల మొదలుపెట్టింది. 2016 నుంచి పైసా కట్టకుండ కూడా ఆడొచ్చు, మావాడు అట్లనే చేరిండు. చైనా వాళ్లకు వేరేగా ఉన్నదట గాని, మిగతా దేశాల వాళ్లందరు ఒకటే ఆకాశంల తిరుగుతరు. అందులో సూర్యమండలాలే 7000కు పైన. రాళ్లు తవ్వి ఖనిజం అమ్ముకోవచ్చు, సరుకు మోయొచ్చు, వస్తువులు తయారు చేయొచ్చు. లేదంటే ఇంకొకని కష్టం గుంజుకోవచ్చు. అందులో ఒక చిన్న ఓడ పేరు షటిల్ అని వాడు చెప్తే, నాడె అనుకొని "అది నాకు తెల్సు" అన్న. ఇంట్ల అందరు నవ్విండ్రు.

ఇంకో ముచ్చట. ఆ ఆటల పగిలిన ఓడ పగిలినట్టే. బీమా ఉంటే ఓడకు కొంత వస్తది, లోపలి సరుకుకు రూపాయి రాదు. సరుకుల సుమారు సగం ఓడతోటే నాశనమైతది, మిగిలింది ఎవడు ముందు ఎత్తుకుంటే వానిది.

మావాడు తవ్వింది అమ్మి, ఆ పైసలతోటి సరుకు కొని, జీటా అనే పెద్ద బజారుకు బయలుదేరిండు. దారిల ఉవెడామా అని ఒక చోటు ఉన్నది. పేరుమోసిన చెడ్డ చోటట. అక్కడికి వచ్చేసరికి వాళ్లమ్మ రొట్టె పెట్టి పిలిచింది. వీడు ఓడను ఆటోపైలట్ మీద పెట్టి లేచి వచ్చిండు. ఆటోపైలట్ మీద పోయే ఓడ ప్రతి గేటుకు కొంచెం దూరంల దిగి, అక్కడి నుంచి మెల్లగ పాక్కుంట పోతది. దారికాసేటోళ్లకు కావలసింది అదే. ఒకడు ముందే నిలబడి, పోయే ఓడల కడుపుల ఏమున్నదో యంత్రంతోటి చూస్తడు. సరుకు మంచిగ ఉంటే సైగ చేస్తడు. పది పన్నెండు చిన్న చవక ఓడలు ఒక్కసారి మీద పడతయి.

"పోలీసులు లేరా అక్కడ?" అని అడిగిన.

"ఉన్నరు తాతా. కాంకార్డ్ అంటరు. కొట్టిన ప్రతి ఓడను పేలుస్తరు, ఒక్కటి కూడా తప్పించుకోలేదు. కాని కొన్ని సెకన్లు ఆలస్యంగ వస్తరు. ఆ సెకన్లల్లనే పని అయిపోతది."

అంటే ఆ పోలీసులు శిక్ష వేసేటోళ్లే గాని కాపాడేటోళ్లు కాదు. దొంగల లెక్క ఏందంటే, మా చవక ఓడలు పది పోయినా నీ సరుకుల సగం దొరికితే మాకు లాభమే. సరుకు ఎత్తుకునేటందుకు ఇంకొకడు పక్కన తయారుగ ఉంటడు. లెక్క తప్పని దొంగతనం. చిన్న ఓడల అంత సరుకు ఎక్కించుడు, పైగా కన్ను తీసి రొట్టె తినబోవుడు, తప్పు నాదే అని మావాడే ఒప్పుకున్నడు.

ఇంకొకటి చెప్పిండు, నాకు మన పాత రోజులు గుర్తుకు వచ్చినయి. 2012 ప్రాంతంల అందులో ఒక ముఠా తయారై, రాళ్లు తవ్వుకునేటోళ్ల దగ్గరికి పోయి, "ఈ జాగా మాది, ఏడాదికి కోటి కట్టి పర్మిట్ తీసుకోండి, లేకుంటే పేలుస్తం" అన్నరట. కోటి అంటే ఆట పైసలల్ల. ఇది హఫ్తా కాకపోతే ఏంది? మన షోలాపూర్ మిల్లుల గేట్ల ముందర పగారు రోజు ఎవరెవరు నిలబడేటోళ్లో, పాతోళ్లకు నేను చెప్పనక్కరలేదు.

కంపెనీ ఎందుకు ఆపదు అని మీరు అడుగుతరు, నేనూ అడిగిన. ఆపదు. రేవు నుంచి ఓడ బయటికి తీసినవంటే కొట్టుడుకు ఒప్పుకున్నట్టే అని ఆ ఆట పద్ధతి. కొత్తగా చేరినోళ్ల మొదటి జాగాలల్ల మాత్రం వాళ్లను సతాయించొద్దని నియమం ఉన్నది. ఆట దాటి మనిషినే వేధిస్తే కూడా ఊరుకోరు. 2014ల ఒకన్ని మాటలతోటి గంటలకొద్ది ఏడిపించి, అది రికార్డు చేసి అందరికి వినిపించిన సంగతి బయటపడితే కంపెనీ ఆ గీత గట్టిగ గీసింది. మీ పిల్లలు ఇట్లాంటివి ఆడుతుంటే, ఎవడన్న బూతులు, బెదిరింపులు రాస్తే కంపెనీకి ఫిర్యాదు చేయొచ్చని చెప్పండి.

దారికాచుడు గురించి నేను కొంత ఒప్పుకుంట. దారిల భయం ఉన్నందుకే అక్కడ సరుకు మోసేటోనికి కిరాయి దొరుకుతది. ఓడలు పగులుతయి కాబట్టే ఓడలు చేసేటోనికి పని ఉంటది. చద్దర్లు చినగకపోతే మనకు మాత్రం పనెక్కడిది?

నెల తిరిగింది. ఒకరోజు వాడు పగలబడి నవ్వుతున్నడు. పోయి చూస్తే, వాడు ఇప్పుడు ఆ దారికాసేటోళ్ల గుంపుల చేరిండు. ఎవన్నో కొట్టిండ్రట. ఆ మనిషి తెర మీద పొడుగు ఉత్తరం రాస్తున్నడు, వీళ్లు ఇంకింత రెచ్చగొడుతున్నరు. ఓడిపోయినోని కోపం చూసి మురుసుడుకు వాళ్లల్ల ఒక పేరు ఉన్నది, కన్నీళ్లు అంటరు. కన్నీళ్లు వసూలు చేసి దోస్తులకు చూపిస్తరు.

"సరుకు ఎంత దొరికిందిరా?"

"ఏం లేదు తాతా. వాని ఓడ ఖాళీ."

"మరి ఎందుకు కొట్టిండ్రు?"

"ఊరికే."

ఆ మాట నన్ను పట్టుకున్నది. ఆ రాత్రి నిద్ర రాలే.

1979 కావచ్చు. నేను బదలీ నుంచి పర్మినెంట్ అయిన కొత్త. రాత్రి పాళీ. పాలమూరు దిక్కు నుంచి ఒక పిల్లగాడు బదలీగ వచ్చిండు. పదిహేడేండ్లు ఉంటయేమో. మాట మెత్తన, ఎవరేమన్న "అట్లనే అన్నా" అనేటోడు. మేం ముగ్గురం వాన్ని పట్టుకున్నం. వాడు నీళ్లు తాగ పోతే కండెలు దాచిపెట్టేది. సాంచె ఆగిపోయేది, వాడు ఇటు అటు ఉరికేటోడు. మేం చాయ్ తాగేదాక నవ్వేటోళ్లం. ఒక రాత్రి పడుగుల నాలుగు పోగులు తెంపిన. నేనే తెంపిన, ఈ చేతులతోటి. వాడు చూసుకోలే. తెల్లారి ఫోల్డింగ్ ఖాతాల బట్ట మొత్తం డ్యామేజి అని పక్కన పడేసిండ్రు, పగారుల కోత పడ్డది. అంతకు ముందే వాడు ఇంటికి పైసలు పంపాలంటుండే. మూడు రోజులు ఎవరితోటి మాట్లాడలే. నాలుగో రోజు రాలే. రూముల ఉన్న వాని పెట్టె ఎవరో చుట్టం వచ్చి తీసుకపోయిండు.

మాకు ఆ పిల్లగానితోటి పగ లేదు. లాభం లేదు. ఊరికే. పొద్దుపోక.

ఇది నేను మా ఇంటిదానికి కూడా ఎన్నడు చెప్పలే. మనవనికి చెప్పిన. వాడు ఊకోలే, వాదించిండు. "ఆట వేరు తాతా. అక్కడ అందరు తెలిసే వస్తరు. వద్దంటే కంప్యూటర్ బంద్ చేసి పండుకోవచ్చు. మీ పిల్లగానికి ఆ వీలు ఉండెనా?"

లేకుండె. వాడు అన్నది నిజమే. కాని ఆ ఉత్తరం రాసిన మనిషి కంప్యూటర్ బంద్ చేసినంక పండుకున్నడో లేదో వీనికి తెల్వదు కదా. అదే అడిగిన. వాడు మౌస్ పక్కకు పెట్టి కొంచెంసేపు ఊకున్నడు.

ఆడుడు మానలే. మానుమని నేనూ అనలే. సరుకు ఓడలకు ఇంకా దారికాస్తనే ఉన్నడు, అది ఆట అంటడు. ఖాళీ ఓడల మీదికి రానని గుంపుకు చెప్పిండట, వాళ్లు వీన్నే ఎక్కిరించిండ్రట.

మొన్న ఆదివారం నా పక్కన కూర్చొని అడిగిండు, "ఆ పిల్లగాని పేరు ఏంది తాతా?"

చెప్పిన. వాడు ఫోన్ల ఆ పేరు కొట్టి వెతికిండు. చానామంది వచ్చిండ్రు. ఒక్కొక్క ఫొటో పెద్దగ చేసి చూపించుకుంట, "ఈయననా? ఈయననా?" అని అడిగిండు. అద్దాలు తుడుచుకొని అన్ని చూసిన. అందరు నా వయసు ముసలోళ్లే. ఒక్కరిని కూడా గుర్తుపట్టలేకపోయిన.