ఆటలో అరటిపండు

వేపచెట్టు కింద చెప్పులు వరసగా విడిచి ఉన్నాయి. లెక్కపెడితే పదకొండు జతలు, ఒక ఒంటి చెప్పు.

అనకాపల్లిలో ఒక హైస్కూలు గ్రౌండు అది. అప్పుడే వాన వెలిసింది. బెల్లం సీజనుకి ఇంకా నెలలు ఉన్నాయి కాబట్టి ఊరిగాలిలో ఆ తీపి వాసన లేదు, తడిసిన ఎర్రమట్టి వాసనే ఉంది. పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఇటు ఆరుగురు, అటు అయిదుగురు. ఒంటి చెప్పు పిల్లాడు మాత్రం చెట్టు మొదట్లో కూర్చున్నాడు. ఎడమ చీలమండకి దళసరి కట్టు. ఆ కాలికి చెప్పు ఎక్కదు కాబట్టి రెండోది ఇంటి దగ్గరే వదిలేసి వచ్చినట్టున్నాడు.

ఆట మధ్యలో పీఈటీ మాస్టారు అటుగా వచ్చారు.

"ఏట్రా, కాలు ఎలాగున్నాది?"

"తగ్గినాది మాస్టారూ. రేపు దిగిపోతాను."

"రేపొద్దు. ఎల్లుండీ వద్దు. కూకుని ఆళ్ల చెప్పులు కాయి."

పిల్లాడు తల వంచుకుని చెప్పుల వైపు చూశాడు. ఎవరూ ఎత్తుకుపోని చెప్పులవి. అయినా ఇంకొంచెం సరిగా కూర్చున్నాడు.

మాస్టారు జట్టు కథ చెప్పారు. జూన్‌లో బడి తెరిచినప్పుడు పద్నాలుగు మంది ఉండేవారట. ఒకడి నాన్నకి గాజువాకలో పని దొరికి ఇల్లు మారిపోయింది. ఇంకొకడిని పదో తరగతి అని ఇంట్లో ఆపేశారు. మండలం పోటీలు దగ్గర పడుతుంటే, జట్టులో అందరికన్నా బాగా ఆడే ఈ పిల్లాడి కాలు బురదలో మడత పడింది. ఇక మిగిలింది సరిగ్గా పదకొండుమంది. ఆ పదకొండోవాడు ఏడో తరగతి. మొన్నటిదాకా వాడి పని గోడ అవతల పడిన బంతి తేవడం.

మన ఊళ్లలో ఇలాంటివాడికి ఒక పేరుంది. ఆటలో అరటిపండు.

ఆ పేరు మోయనివాళ్లు మనలో ఎందరుంటారు? అక్క వెనకాలో, పెదనాన్న కొడుకు వెనకాలో ఆటకి వెళ్లిన ప్రతి చిన్నవాడూ అరటిపండే. దొరికినా దొంగ కాడు, అవుటయినా అవుట్ కాడు. తీసేస్తే ఇంటికెళ్లి చెబుతాడు, లేదంటే అక్కడే ఏడుస్తాడు. అందుకని ఉంచుకుంటారు. వాడు మాత్రం అందరితోపాటే పరిగెడతాడు, అందరికన్నా ఎక్కువ చెమట పడతాడు. తనని ఎవరూ పట్టుకోవడం లేదెందుకో చాలాసేపటిదాకా వాడికి తెలియదు. తెలిసిన రోజున కాస్త పెద్దవాడవుతాడు.

వాడు ఆటలో ఉంటాడు, లెక్కలో ఉండడు.

చెట్టు కింద పిల్లాడిది సరిగ్గా ఇందుకు తలకిందులు. వాడు లెక్కలో ఉన్నాడు, ఆటలో లేడు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ కష్టమో చెప్పడం పెద్దవాళ్లకీ కష్టమే.

అరటిపండు ఆ సాయంత్రం కుడివైపు వెనక నిలబడ్డాడు. కాళ్లకి చెట్టు కింద పిల్లాడి మేజోళ్లు. మోకాలు దాటిపోతుంటే పైన రెండు మడతలు పెట్టుకున్నాడు. బంతి తన వైపు వచ్చినప్పుడల్లా ముందు చెట్టు వైపు చూస్తున్నాడు. "కాళ్లు చూడకురా, బంతి చూడు!" అని అక్కడినుంచి కేక. రెండుసార్లు తప్పాడు. మూడోసారి కాలు అడ్డం పెట్టి బంతిని గీత బయటికి తన్నేశాడు. చెట్టు కింద ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

దెబ్బ తగిలినవాడి చోటు గురించి పాత కథ ఒకటి ఉంది. మనవాళ్లలో ఫుట్‌బాల్ అంటే మొదట చెప్పుకోవలసిన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన హైదరాబాద్‌లో బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకీ, ఆ తరువాత దేశం జట్టుకీ ఆట నేర్పారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానం దాకా వెళ్లింది ఆయన చేతుల మీదుగానే. ఆ రోజుల్లో జట్టులో సగం హైదరాబాదీ మాటే వినిపించేదని పాతవాళ్లు మురిసిపోతూ చెబుతారు.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. థాయ్‌లాండ్‌తో ఆటలో వెనక కోటగోడలాంటి జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. గోలీ పీటర్ తంగరాజ్ జ్వరంతో మంచం పట్టాడు. తలకి దెబ్బ తగిలినవాడిని వెనకే నిలబెడితే వచ్చే ప్రతి ఎత్తు బంతినీ తలతోనే ఆపాలి. అలాగని వాడిని వదులుకునే వీలూ లేదు. రహీం మాస్టారు ఆ కట్టుతోనే అతణ్ని తీసుకెళ్లి ముందు వరసలో పెట్టారు. గోడని తీసి బాణం చేసినట్టు. సెమీఫైనల్లో జర్నైల్ గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో దక్షిణ కొరియా మీద రెండో గోల్ కూడా అతనిదే. జ్వరం నుంచి లేచిన తంగరాజ్ ఆ రోజు గోలీగా నిలబడ్డాడు. 2-1తో బంగారు పతకం మనది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో అలాంటిది మళ్లీ మనకి రాలేదు.

అప్పటికే రహీం మాస్టారిని క్యాన్సర్ తినేస్తోంది. మరుసటి ఏడు జూన్‌లో పోయారు. జట్టులో ఎవరికి ఎక్కడ నొప్పిగా ఉందో చూసి చోటు మార్చిన మనిషి, తన నొప్పికి మాత్రం చోటు మార్చుకోలేకపోయారు.

అప్పట్లో ఆట నడుస్తుండగా మనిషిని మార్చే వీలు ప్రపంచకప్‌లో కూడా లేదు. అది 1970లో మెక్సికోలో వచ్చింది. అదే ప్రపంచకప్ సెమీఫైనల్లో పశ్చిమ జర్మనీ ఉన్న రెండు మార్పులూ వాడేసుకుంది. ఆ తరువాత వాళ్ల బెకెన్‌బావర్‌కి భుజం దెబ్బతింది. చెయ్యి ఛాతీకి కట్టించుకుని చివరిదాకా ఆడాడు. ఎంతమంది అదనంగా ఉన్నా ఒక్కోసారి చాలరు. ఇల్లు నడిపేవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటి కథలు వినడానికి బాగుంటాయి. కానీ వాచిన కాలుని ఒళ్లో పెట్టుకుని చింతపండూ ఉప్పూ కలిపిన పట్టు వేసే అమ్మ దగ్గర వీటిని చెప్పి చూడండి. "పతకం సంగతి తరవాత, ముందు ఆ కాలు కింద పెట్టకు" అంటుంది. పీఈటీ మాస్టారు ఆ సాయంత్రం "ఎల్లుండీ వద్దు" అన్నది కూడా అమ్మ మాటే. గెలుపు మీద ఆశ ఉన్నవాడు ఆ మాట అనడం చిన్న విషయం కాదు.

మరి కాలు కింద పెట్టకూడనివాడి చోటు ఎవరు నింపాలి? పక్కన నిలబడి చూస్తున్నవాడే.

2021 జనవరిలో బ్రిస్బేన్ క్రికెట్ టెస్టులో జరిగింది అదే కదా. గాయాలతో పెద్ద బౌలర్లంతా కూర్చుండిపోతే, నెట్స్‌లో బంతులు వేయడానికి అక్కడ ఉండిపోయిన నటరాజన్, వాషింగ్టన్ సుందర్ టెస్టు టోపీ పెట్టుకున్నారు. బౌలింగ్‌ని ముందుండి నడిపించిన మన హైదరాబాద్ సిరాజ్‌కి అది మూడో టెస్టు మాత్రమే. అంతకు రెండు నెలల ముందే తండ్రి పోయారు. ఆటో నడిపి కొడుకుని ఆడించిన తండ్రి. చివరి చూపుకి కూడా రాకుండా అక్కడే ఉండిపోయిన కుర్రాడు రెండో ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీశాడు. 1988 నుంచి ఆస్ట్రేలియా ఓడని ఆ మైదానంలో మనవాళ్లు 328 పరుగుల లక్ష్యాన్ని దాటి గెలిచారు. ముందు వారం సిడ్నీలో మన కాకినాడ విహారి తొడ పట్టేసి పరుగెత్తలేకపోయినా 161 బంతులు కాచుకుని నిలబడకపోతే, బ్రిస్బేన్‌కి అంత రుచి ఉండేదే కాదు.

అనకాపల్లివాళ్లకి దీన్ని అర్థం చేసుకోవడానికి అంత దూరం వెళ్లనక్కర్లేదు. చెరకు గానుగ దగ్గరికి వెళితే చాలు. చెరకు అందించేవాడొకడు, పొయ్యిలోకి ఎండు పిప్పి ఎగదోసేవాడొకడు, పెనం మీద తెట్టు తీసేవాడొకడు. అందరి మీదా పాకం చూసే పెద్దాయన. చుక్క నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి, "దింపండి" అంటాడు. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే బెల్లం బెల్లం కాదు.

ఆ పెద్దాయనకి ఓ రోజు ఒళ్లు వెచ్చబడుతుంది. పెనంలో రసం ఆగదు కదా. అప్పుడు పిప్పి ఎగదోసే కుర్రాడి వైపు అందరూ చూస్తారు. వాడికి ఎవరూ నేర్పలేదు. కానీ ఆ వేడి దగ్గర కూర్చుని, ఎన్ని సీజన్ల నుంచో ఆ వేళ్లనే చూస్తున్నాడు. భయపడుతూనే చుక్క నీళ్లలో వేస్తాడు. ఆ రోజు దిమ్మలు కొంచెం రంగు తక్కువగా వస్తే రావచ్చు. కానీ వస్తాయి.

ఇళ్లలో కూడా ఇంతే. అమ్మకి జ్వరం వచ్చిన రోజున నాన్న అన్నం వండుతాడు. కింద కాస్త మాడుతుంది, పైన కాస్త పలుకు. చారులో ఉప్పు ఎంతో మంచం మీదినుంచి అమ్మ చెబుతుంది. ఆ రోజు ఎవరూ వంక పెట్టకుండా తింటారు. ఏళ్లు గడిచాక చూస్తే, వేల పూటల మంచి భోజనాల్లో ఒక్కటీ గుర్తుండదు. ఆ మాడిన అన్నం మాత్రం గుర్తుంటుంది.

బహుశా ఇలాంటివన్నీ తెలిసినవాళ్లే మన చెడుగుడు ఆటని కట్టి ఉంటారు. అందులో అవుటైనవాడిని పిల్లలు చచ్చాడంటారు. కానీ వాడు ఇంటికి పోడు. గీత బయట కూర్చుంటాడు. లోపల ఉన్నవాడు ఒక పాయింటు తెస్తే, బయటివాడు ఒకడు బతికి లోపలికి వస్తాడు. పాయింటు తెచ్చినవాడు తన కోసం ఆడుతున్నాడో, బయట కూర్చున్న నేస్తం కోసం ఆడుతున్నాడో చెప్పలేం. ఇప్పటి కబడ్డీలో ఇంకో మంచి నియమం ఉంది. కోర్టులో ముగ్గురో అంతకన్నా తక్కువమందో మిగిలినప్పుడు వచ్చినవాణ్ని పట్టేస్తే, ఒకటి కాదు, రెండు పాయింట్లు. తక్కువమంది ఉన్నప్పుడు చేసిన పని ఎక్కువ పని అని ఆట కూడా ఒప్పుకుంటుందన్నమాట.

బతుకులో ఆ రెండో పాయింటు ఎవరూ వేయరు. సెలవు పెట్టిన తోటి ఉద్యోగి బల్ల మీది పని కూడా చేసినవాళ్లకీ, మంచాన పడ్డ అత్తగారి చోట పండక్కి అరిసెలు వండిన కోడలికీ, అన్నకి దెబ్బ తగిలితే పొలానికి నీళ్లు పెట్టడానికి రాత్రి లేచి వెళ్లిన తమ్ముడికీ స్కోరుబోర్డు ఉండదు. "నువ్వున్నావు కాబట్టి సరిపోయింది" అని ఒక్కరంటే చాలు, వాళ్లకి అదే రెండో పాయింటు.

మంచాన ఉన్నవాళ్లకి కావలసింది వేరు. తమ చోట ఇంకొకరు వచ్చి పని జరిగిపోతుంటే సంతోషమే, కానీ ఎక్కడో చిన్న ముల్లు. నేను లేకపోయినా నడిచిపోతోందే అని. ఆ ముల్లు తీయడానికి పెద్ద మాటలు అక్కర్లేదు. చారులో ఉప్పెంతో అడిగితే చాలు. చెప్పులు కాయమంటే చాలు.

మండలం పోటీల్లో ఆ జట్టు రెండో ఆటలో ఓడిపోయిందని తరువాత తెలిసింది. అరటిపండు వైపునుంచే ఒక గోల్ పడిందట. వాడు ఏడిస్తే, తిరుగు ప్రయాణంలో కట్టు పిల్లాడు కిటికీ పక్క సీటు ఇచ్చాడట. మాస్టారు ఇంతకన్నా ఏమీ చెప్పలేదు.

మూడు వారాల తరువాత మళ్లీ అటుగా వెళ్లినప్పుడు కాళ్లు గ్రౌండు దగ్గర వాటంతట అవే ఆగాయి. ఇటు ఆరుగురు, అటు ఆరుగురు. చెట్టు కింద ఎవరూ లేరు. అరటిపండు ఎవరో గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. కుడివైపు వెనక ఉన్నాడు. కాళ్లకి అవే మేజోళ్లు, పైన అవే రెండు మడతలు. బంతి వచ్చినప్పుడు ఈసారి చెట్టు వైపు చూడలేదు.

వేపచెట్టు కింద చెప్పులు లెక్కపెడితే పన్నెండు జతలు. ఒక జతలో మాత్రం కుడి చెప్పు మట్టి పట్టి అరిగి ఉంది. ఎడమది ఇంకా కొత్తగానే ఉంది.