చేతికి గోరింటాకు, నోటికి తాళం

శీతాకాలం సెలవులయ్యాక బడి తెరిచిన రోజున మా రెండో తరగతి గది చూసి తీరాలి. ఒకడికి కొత్త బూట్లు, ఒకతెకి కొత్త కోటు, ఇద్దరు ముగ్గురికి ముందుపళ్ళు ఊడి కొత్త నవ్వులు. డిసెంబరులో చెప్పకుండానే చేసిన పనులన్నీ మరిచిపోయి వస్తారు. కోటు ఏ కొక్కేనికి తగిలించాలో, వరసలో ఎలా నిలబడాలో, పెన్సిలు చెక్కుకోవడానికి ఎప్పుడు లేవాలో అన్నీ మళ్ళీ మొదటినుంచి నేర్పుకోవాలి. అంచేత మొదటి రెండు మూడు రోజులు పాఠాల జోరు తగ్గించి, పొద్దున్నే అందరం తివాచీ మీద గుండ్రంగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం. "సెలవులకి ఎక్కడికి వెళ్ళారు?" అని నేను అడగను. ఎక్కడికీ వెళ్ళలేని పిల్లలు కూడా గదిలో ఉంటారు కదా! "ఒక్క సంగతి చెప్పు" అంటానంతే. ఒకడు మంచులో జారిపడ్డ కథ చెబుతాడు. ఒకమ్మాయి వాళ్ళ కుక్క కుకీలన్నీ మింగేసిన వైనం చెబుతుంది. పెద్దవాళ్ళకి ఇవి కాలక్షేపం కబుర్లే. ఏడేళ్ళ పిల్లలకి మాత్రం జూన్ దాకా చేసుకోబోయే స్నేహాలకి ఇవే పెట్టుబడి.

ఈ దేశంలో రెండో తరగతి పిల్లలకి చదువు చెప్పడం మొదలుపెట్టి నాకు ఇరవై ఏళ్ళు దాటింది. ఆ మొదటి రోజు గుండ్రంలో మన పిల్లలు చాలామంది కనిపించరు. కారణం మీకు తెలిసిందే. మా బడి జనవరి 2నో 3నో తెరుస్తారు. సంక్రాంతి 14నో 15నో వస్తుంది. "అంత దూరంనుంచి వచ్చి, పండగ పది రోజులుందనగా వెళ్ళిపోతారుటే?" అని అక్కడ అమ్మమ్మలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కనుమ కూడా చూసుకుని బయల్దేరితే ఇక్కడ బడికి వచ్చేసరికి ఇంచుమించు పది రోజుల చదువు పోతుంది.

నేనీ వ్యాసం రాయడం ఆ పది రోజుల కోసం కాదు. వాటి సంగతి తర్వాత చెబుతాను. ఆ పది రోజులకి మనం పిల్లల చేత చెప్పిస్తున్న కారణం గురించి రాస్తున్నాను.

ఒక పాప సంగతి చెబుతాను. ఆ పాప ఎవరా అని ఆరా తీయకండి. ఇన్నేళ్ళలో చూసిన చాలామంది పిల్లల్ని కలిపి ఒక్క పాపని చేశాను కనుక ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు. జనవరి మూడో వారంలో బడికి వచ్చింది. చేతిలో వాళ్ళమ్మ రాసిచ్చిన చీటీ: "వైరల్ ఫీవర్ వల్ల రాలేకపోయింది." రెండు అరచేతులా ఎర్రగా పండిన గోరింటాకు. ఆలస్యంగా వచ్చింది కదా అని మర్నాడు పొద్దున్న గుండ్రంలో దానికీ ఒక వంతు ఇచ్చాను. లేచి నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని, అప్పజెప్పినట్టు "నాకు జ్వరం వచ్చింది" అని కూర్చుంది. పక్కనున్న పిల్లాడు "నీ చేతులకేమైంది?" అన్నాడు. పాప చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం అందరూ కోట్లు వేసుకుని ఆటకి పరుగెడుతుంటే పాప వెనకబడింది. బళ్ళో నన్ను టీచరని పిలవాలని దానికి తెలుసు. అయినా ఆ వేళ మన సంబరాల్లో పిలిచినట్టే, తెలుగులోనే, "ఆంటీ, గంగిరెద్దు నాకు తల ఊపింది. ఎవరికీ చెప్పకూడదు, కదూ?" అంది.

చూశారా! ఆ గదిలో ఇంకెవరి దగ్గరా లేని కథ దాని దగ్గర ఉంది. పట్టుశాలువా కప్పుకున్న ఎద్దు ఇంటి ముందుకొచ్చి తనకి తల ఊపడం, నెత్తిన భోగిపళ్ళతో పాటు చిల్లర డబ్బులు జారిపడడం, తెల్లవారకముందే వీధిలో మంట వేసి పెద్దవాళ్ళంతా చుట్టూ నిలబడడం. ఏ రెండో తరగతి పిల్లలైనా నోరు తెరుచుకుని వినే సంగతులివి. దాని బదులు ఆ పిల్ల రాని జ్వరం గురించి చెప్పింది. చిన్న అబద్ధమే కదా అనుకుంటాం. ఆ చిన్న అబద్ధం నిలవాలంటే పిల్ల మొత్తం ప్రయాణాన్ని దాచాలి. విమానం దాచాలి, అమ్మమ్మని దాచాలి, గోరింటాకుని దాచాలి. అమ్మమ్మ ఊరు చెప్పుకోకూడని చోటు అన్న మాట దాని మనసులో పడిపోతుంది. ఆదివారం తెలుగు తరగతికి తీసుకెళ్ళి ఎన్ని అక్షరాలు దిద్దించినా ఆ మాటని తుడిచెయ్యడం కష్టం.

ఇతరులకి నీతులు చెప్పేముందు నా సంగతి చెప్పాలి. 2008 జనవరిలో మా అబ్బాయి కూడా రెండో తరగతే, వేరే బళ్ళో. మా మామగారికి ఒంట్లో బాగోలేదు, ఈ సంక్రాంతికి పిల్లాణ్ణి చూడాలన్నారు. వెళ్ళాం, పండగదాకా ఉన్నాం. తిరిగొచ్చి చీటీలో నేనూ జ్వరమనే రాశాను. నేనే టీచర్ని, చూడండి! ఆ ఆషాఢంలో మామగారు పోయారు. వెళ్ళినందుకు నేనేనాడూ విచారించలేదు. మొన్న ఒకసారి మావాణ్ణి, వాడిప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు, "తాతగారితో ఆ పండగ గుర్తుందిరా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "నాకు జ్వరం రాలేదు కదమ్మా" అన్నాడు. తాతగారు వాడికి కట్టిచ్చిన గాలిపటం నాకు గుర్తుంది. వాడికి నా చీటీ గుర్తుంది.

ఎందుకు రాస్తాం ఇలా? భయంతో. వీసాల మీద ఉన్నవాళ్ళం, ఏ రికార్డులో ఏం పడుతుందో అని భయం. ఈ భయాన్ని నేను తక్కువ చేయను. ఉన్నదున్నట్టు చూద్దాం. కుటుంబ ప్రయాణాన్ని చాలా స్కూలు డిస్ట్రిక్టులు అన్‌ఎక్స్‌క్యూజ్డ్ ఆబ్సెన్స్‌గానే రాస్తాయి. ఒక ఉత్తరం వస్తుంది, చాలాచోట్ల అది కంప్యూటరు పంపే ఉత్తరమే. రెండో తరగతిలో ఎన్ని రోజులు రాలేదని ఏ కాలేజీ అప్లికేషనులోనూ అడగరు. అలాగని రోజులకి లెక్క లేదనుకోకండి. చాలా రాష్ట్రాల్లో ఏడాదికి 180 రోజుల బడి. అందులో పదో వంతు, అంటే 18 రోజులు రాకపోతే, కారణమేదైనా సరే, దీర్ఘకాలపు గైర్హాజరు కింద లెక్కిస్తారు. జ్వరమని రాసినా ఆ లెక్కలో రోజు తగ్గదు! కొన్నిచోట్ల వరసగా చాలా రోజులు రాకపోతే పేరు తీసేసి మళ్ళీ చేర్పించుకోమంటారు. రోజులు మరీ పెరిగితే పిలిచి మాట్లాడడం బడికి చట్టప్రకారం తప్పదు. మీ డిస్ట్రిక్టు నిబంధనలు టిక్కెట్లు కొనకముందే చదువుకోండి.

చదువు సంగతి కూడా చెబుతానన్నాను. జనవరిలో లెక్కలు గట్టిపడతాయి. 52లోంచి 27 తీసెయ్యమంటే, మనం చిన్నప్పుడు "అప్పు తెచ్చుకోవడం" అన్నదాన్ని ఇక్కడ పదిని విడగొట్టి ఒకట్లు చేసుకోవడంగా నేర్పుతారు. అది ఇంట్లో కూర్చోబెట్టి నేర్పగలం. నిద్ర సంగతే కష్టం. చలికాలంలో న్యూయార్క్, న్యూజెర్సీలకీ మన ఊరికీ పదిన్నర గంటల తేడా. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకి అక్కడ రాత్రి పదకొండున్నర. ఆదివారం విమానం దిగి సోమవారం బడికొచ్చిన పిల్ల భోజనమయ్యాక పుస్తకం మీదే తల వాల్చేస్తుంది. బడికి రెండు మూడు రోజుల ముందుగా వచ్చేలా టిక్కెట్లు చూసుకోండి.

ఇంతకీ నేను చెప్పేది, వెళ్ళొద్దని కాదు. వీలైన ఏడు సెలవుల్లోపే తిరిగి రండి. అమ్మమ్మకి మనవరాలు వచ్చిన రోజే పండగ, పంచాంగంలో తర్వాత చూసుకోవచ్చు. పెద్దవాళ్ళ ఆరోగ్యం కోసమో, పండగ ఒక్కసారైనా చూపించాలనో ఉండవలసి వస్తే ఉండండి. వెళ్ళేముందే టీచరుకి రెండు వాక్యాలు రాయండి: ఫలానా రోజునుంచి ఫలానా రోజుదాకా తాతగారింట్లో పండగకి ఉంటాం, ఇది లెక్కలోకొస్తుందని మాకు తెలుసు అని. ఆ ఉత్తరం నాకొస్తే నేను చేసే పని ఏమిటో తెలుసా? గోడమీది మ్యాపులో ఆ ఊరి దగ్గర ఒక గుండుసూది గుచ్చి, "మన నేస్తం ఇక్కడుంది" అని మిగతా పిల్లలకి చూపిస్తాను. తిరిగొచ్చే రోజు కోసం వాళ్ళంతా ఎదురుచూస్తారు. వర్క్‌షీట్ల కట్ట ఇమ్మని అడిగే తల్లిదండ్రులకి ఒక ఖాళీ నోటుపుస్తకం ఇస్తాను. రోజుకొక బొమ్మ, కింద ఒక వాక్యం. అదే హోమ్‌వర్కు.

పైకి చెప్పుకున్నదానికే గుర్తింపు వస్తుంది. న్యూయార్క్ నగరం పబ్లిక్ స్కూళ్ళకి దీపావళి సెలవు కోసం 2023లో చట్టం వచ్చింది. తల్లిదండ్రులు మా ఇంట్లో ఇది పండగ అని ఏళ్ళ తరబడి అడిగితేనే వచ్చింది. పిల్లలకి జ్వరమని రాస్తూ కూర్చుంటే వచ్చేది కాదు.

ఆ పాప సంగతి చెప్పి ముగిస్తాను. ఆ సాయంత్రం వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. టీచరుగా కాదు, ఒకప్పుడు అలాంటి చీటీ రాసిన తల్లిగా. చాలాసేపు ఏమీ అనలేదావిడ. మర్నాడు ఇంకొక చీటీ వచ్చింది, నిజం రాసి. పది రోజులూ అన్‌ఎక్స్‌క్యూజ్డ్‌గా పడ్డాయి, పడనివ్వండి. ఆ పొద్దున్న పాప మళ్ళీ గుండ్రంలో నిలబడింది. ఈసారి చేతులు ముందుకు చాపి చూపించి, తలూపుతూ ఎద్దులా నడిచి చూపించింది. ఆటవేళకి మా క్లాసంతా గంగిరెద్దులే!

ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి మనలో కొందరికి ఇంకా పగటినిద్ర తీరి ఉండదు. ఇవాళ సంబరాల్లో మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్ళో ఏం చూశారో ఒక్క సంగతి చెప్పించండి. సోమవారం బళ్ళో కూడా అదే చెప్పమనండి.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.