కారు దిగగానే మాడు వాసనా?

పోపు మాడితే పక్కగదిలోంచే పసిగట్టే ముక్కు మనది. కారు దిగగానే మాడు వాసన వస్తే ఆ ముక్కుకే పని చెప్పండి.

వెనక చక్రాల దగ్గర ఘాటుగా వస్తోందా? హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించకుండా నడిపారేమో చూసుకోండి. బాగా వేడెక్కితే బ్రేకు సరిగ్గా పట్టదు. చక్రాన్ని ముట్టుకోకండి, నీళ్లు పోయకండి. నిదానంగా చల్లారనివ్వండి. హ్యాండ్‌బ్రేకు దించి నడిపినా మళ్లీ వాసన వస్తే మెకానిక్‌కి చూపించాల్సిందే.

ట్రాఫిక్‌లో క్లచ్ మీద కాలు అలాగే ఆనించి ఉంచితే క్లచ్ ప్లేటు మాడుతుంది. గేరు మార్చగానే కాలు తీసేయండి.

వైరు, ప్లాస్టిక్ కాలిన వాసనైతే మాత్రం క్షణం ఆలస్యం వద్దు! కారు పక్కకు ఆపి, ఇంజను కట్టేసి, పిల్లల్ని దించి దూరంగా వెళ్లండి. పొగ వస్తుంటే బానెట్ తెరవకండి. ముందు మనుషులు, తర్వాతే కారు.