చిత్రకారునికొక పనిగది

విశాఖపట్టణమున చిత్రమును చూపుటకు చోటు కలదు; చిత్రమును వ్రాయుటకే చోటు దొరకదు. సముద్రతీరపు బాట పొడవునను మహనీయుల విగ్రహములు నిలిచియున్నవి. సేవనుండి విరమించిన కుర్సురా జలాంతర్గామిని ఒడ్డునకు లాగి 2002లో ప్రదర్శనశాలగా మార్చిరి. 2017లో దానికి చేరువనే టి.యు. 142 విమానమునకును స్థలము చూపిరి. ఇవన్నియు మెచ్చదగిన పనులే. ఒక జలాంతర్గామికిని, ఒక యుద్ధవిమానమునకును తావు వెదకిపెట్టిన నగరము, పదిమంది చిత్రకారులు తమ బల్లలు వేసికొనుటకు నాలుగు గోడలు చూపలేదా యన్నదే మా ప్రశ్న.

ఈ లోటు మన భాషలోనే కనబడుచున్నది. చిత్రశాల యన్నచో చిత్రములు చూచు చోటని జనులు గ్రహింతురు. స్టూడియో యన్నచో ఫోటోలు తీయు దుకాణమో, సినిమాలు తీయు ఆవరణమో స్ఫురించును. చిత్రకారుడు దినదినమును కూర్చుండి పనిచేయు గదికి జనులనోట నలిగిన తెలుగు మాట లేదు. కుమ్మరికి ఆవము కలదు, కమ్మరికి కొలిమి కలదు, సాలెకు మగ్గపుగుంట కలదు. ఆ చోట్లు ఊరిలో ఉండుటచేతనే ఆ పేర్లును నిలిచినవి.

పనిగది విలాసము కాదు. తైలవర్ణములతో పనిచేయువానికి పగలంతయు మారని వెలుతురు కావలెను. సూర్యుడు దక్షిణపు వైపుగా నడచుచుండును గనుక చిత్రకారులు ఉత్తరపు కిటికీని కోరుదురు. దానినుండి ఎండ పడదు, వెలుతురే వచ్చును. విశాఖ సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నుండుటచే ఇచట ఇంకొక చిక్కు కలదు. మే నెల నడుమనుండి జూలై చివరివరకు మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరముగనే పోవును. (భూగోళము బోధించు ఉపాధ్యాయులు దీనిని పిల్లలకు కర్రనీడతో చూపవచ్చును.) ఆ కొన్ని వారములు కిటికీకి తెర కట్టుకొన్న చాలును. సముద్రపు గాలిని మాత్రము తెర ఆపలేదు. ఆ ఉప్పుతేమకు కాన్వాసు బిగించిన మేకులు త్రుప్పుపట్టును, కాగితము బూజుపట్టును, వానకాలమున రంగు ఆరదు. అద్దె తక్కువయని పాతపట్టణమునకు పోయినచో రేవునుండి వచ్చు బొగ్గుపొడియు, ఇనుపఖనిజపు ధూళియు తడి చిత్రముపై వాలును.

శిల్పుల మాట వేరుగా చెప్పవలెను. మనిషిని మించిన ఎత్తుగల స్త్రీశిరస్సులతో దేశవిదేశములలో పేరుగాంచిన జి. రవీందర్ రెడ్డి విశాఖలోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయమున బోధించుచు పనిచేసిరి. అటువంటి శిరస్సు ఏ పడకగదిలో పట్టును? మూడవ అంతస్తున గది దొరికినను రాతిదిమ్మెను మెట్లమీదుగా ఎవరు మోయుదురు? ఉలిచప్పుడును, ఫైబరుగ్లాసు ఘాటును పొరుగువారు సహింపరు. సహింపవలెనని మేమును అనము.

కళాశాలలో చదువుచున్నంతకాలము ఈ కష్టము తెలియదు. అచట గది కలదు, గోడ కలదు, తప్పును తప్పని చెప్పు తోటివారు కలరు. పట్టా చేతికి వచ్చిన మరునాడు ఆ మూడును ఒక్కసారిగా పోవును. కొందరు బరోడాకో, హైదరాబాదుకో, ఢిల్లీకో తరలిపోవుదురు. ఊరిలో మిగిలినవారి చిత్రములు ఏటేట చిన్నవగును. విమర్శకులు దానిని అభిరుచిలో వచ్చిన మార్పని వ్రాసినను వ్రాయవచ్చును. అది మంచము ప్రక్కన మిగిలిన స్థలపు కొలత. ఇక డ్రాయింగు మాష్టార్ల సంగతి మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఇంటిల్లిపాదియు నిదురించిన పిదప ముందుగదిలో దీపపు వెలుగున చిత్రించి, తెల్లవారులోగా అంతయు సర్దివేయువారు వారిలో ఎందరో కలరు.

1933లో రేవు తెరచిరి. 1941లో నౌకానిర్మాణశాలకు పునాది పడినది. 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితమైనది. ప్రతి మెట్టునను పనివారు వచ్చిరి, భూమి విలువ పెరిగెను. ఉక్కు కర్మాగారము తనవారి కొరకు ఉక్కునగరమునే కట్టెను. చిత్రకారుడు ఏ సంస్థ జాబితాలోను లేడు గనుక అతని కొరకు ఎవరును ఏమియు కట్టలేదు.

గది యున్నచో ఏమి జరుగునో మనకు తెలియనిది కాదు. దామెర్ల రామారావు బొంబాయిలో చదివి రాజమహేంద్రవరమునకు మరలివచ్చి చిత్రకళాశాలను నెలకొల్పిరి. 1925లో, తమ 28వ ఏట, మసూచికముచే మరణించిరి. ఐనను వరదా వెంకటరత్నము మొదలగు మిత్రులు ఆ శాలను మూయలేదు. ఆంధ్ర చిత్రకళకు ఒక సంప్రదాయము కలదని నేడు మనము చెప్పుకొనుటకు ఆ శాలయు ఒక కారణము. 1966లో కె.సి.యస్. పణిక్కరు నాయకత్వమున మదరాసు చిత్రకారులు బాతిక్ బట్టలద్ది అమ్మి, ఆ సొమ్ముతో సముద్రతీరమున స్థలము కొని, చోళమండల గ్రామమును నిర్మించుకొనిరి. నేడు భీమునిపట్టణపు బాటలో అటులనే భూమి కొనుడని మనవారితో చెప్పుట హాస్యమే యగును.

రేవుపట్టణమునకు తగిన ఉదాహరణము లండనులో కలదు. అచటి సెయింట్ కాథరిన్ రేవు పెద్ద ఓడలకు చాలక 1968లో మూతపడెను. ఆ యేడే బ్రిడ్జెట్ రైలీ, పీటర్ సెడ్జిలీ అను చిత్రకారులు ఒక సంఘముగా నేర్పడి, ఖాళీపడిన గోదామును కొద్దికాలపు కౌలుకు తీసికొని పనిగదులుగా విభజించి పంచిరి. గడువు తీరగనే అది ఖాళీచేయవలసి వచ్చెను. ఆ సంఘము వేరు కట్టడములు వెదకుకొని నేటికిని నడచుచున్నది. ఢిల్లీలోను లలితకళా అకాడమీ 1976లో గఢీయను పాత ఆవరణమున చిత్రకారులకు పనిగదు లేర్పరచినది.

కావున మేము కోరునది క్రొత్త భవనము కాదు. క్రొత్త భవనమన్నచో శిలాఫలకముతోనే ఆగిపోవు భయము కలదు. రేవు అధికారులును, నగరపాలక సంస్థయు తమ అధీనమున వాడుకలేక పడియున్న గోదాములు, పాత కచ్చేరీలు, షెడ్డులు ఎన్ని గలవో ఒక పట్టిక ప్రకటింపవలెను. శిల్పులకు ఆటోనగరు వంటి చోటు అన్నిటికంటె తగినది. చప్పుడుకు అచట ఎవరును ఉలికిపడరు, వెల్డింగు చేయువారును ప్రక్కనే దొరకుదురు. ఉచితముగా ఇమ్మని మేము కోరము. ఊరకే వచ్చినది ఒక ఉత్తర్వుతో ఊరకే పోవును. ఒక బడిపంతులు తన జీతమునుండి ఇయ్యగల అద్దెకు, అయిదేండ్లకు తక్కువ కాని కౌలుకు ఇచ్చిన చాలును. ఏడాదికొకమారు ఖాళీచేయు భయమున్నవాడు పెద్ద చిత్రమునకు పూనుకొనడు.

అంతవరకు వేచియుండక మన చేతిలోని పని యొకటి కలదు. ప్రతి ఉన్నత పాఠశాలయందును సాయంకాలము మూయు గదులు కలవు. వేసవిలోనైతే నెలన్నర మూసియే యుండును. అందు ఉత్తరపు కిటికీ గలదానిని ఊరి చిత్రకారునికి తెరచి, ప్రతిగా వారమున కొకదినము పిల్లలు అతని పని చూచునట్లు ఏర్పాటు చేయవచ్చును. ఆరని చిత్రమును పిల్లలు చూచుట ప్రదర్శనకు తీసికొనిపోవుట వంటిది కాదు. తుడిచివేసిన గీతలును కనబడును. విద్యుత్తు బిల్లు ఎవరు కట్టవలెను, బల్లలకు రంగు అంటినచో ఎవరు కడుగవలెను, తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెను అను మూడు విషయములను వేసవి సెలవులకు ముందే ప్రధానోపాధ్యాయులు తేల్చి వ్రాతపూర్వకముగా పెట్టుకొనవలసియున్నది.