పేరు తేలకుండానే మందుకు డబ్బు ఇస్తారా?



మొన్న కమిటీలో జరిగిన మాట ఇక్కడ రాయక తప్పడం లేదు. మన సభ్యుడొకాయనకు, అరవై దాటిన మనిషి, మెడలోనూ చంకలోనూ గడ్డలు. సూదితో తీసి చూసి ‘లింఫోమా’ అని ఒక్క ముక్క రాసిచ్చారు. గడ్డను కోసి తీసి మార్కర్ పరీక్షలు చెయ్యాలన్నారు డాక్టరుగారు. మన వైద్య నిధివారేమో, ‘మందుకైతే ఇస్తాం, పరీక్షకు ఇవ్వం, కాన్సర్ అని తేలాక ఇంకా పేరెందుకు?’ అన్నారు.

మేము ఒప్పుకోం. లింఫోమా ఒక్క జబ్బు కాదు. బి-కణాల్లో పుట్టేవే ఎన్నో రకాలు. మాంటిల్ సెల్ లింఫోమానే చూడండి. దీన్ని జర్మనీవాళ్ళు ఒక పేరుతో, అమెరికావాళ్ళు మరో పేరుతో పిలిచేవారు. 1992లో ఈ పేరు కుదిరింది, 1994లో రియల్ వర్గీకరణలో చేరింది. పెద్ద పెద్ద డాక్టర్లకే అంతకాలం పట్టిన పనిని మన కమిటీ ఒక్క పూటలో అక్కరలేదనేసింది!

మైక్రోస్కోపులో అన్నీ చిన్న కణాలే. సి.ఎల్.ఎల్. అనే రకమూ అలాగే ఉంటుంది. రెండింటిలోనూ సి.డి.5 ఉంటుంది. సి.డి.23 మామూలుగా సి.ఎల్.ఎల్.లో ఉంటుంది, మాంటిల్‌లో ఉండదు. అసలు గుర్తు సైక్లిన్ డి1. 11వ క్రోమోజోమ్, 14వ క్రోమోజోమ్ ముక్కలు మార్చుకోవడంవల్ల ఆ ప్రోటీన్ మితిమీరి తయారవుతుంది, కణం ఆగకుండా చీలుతూ పోతుంది. అది కనబడని కొద్దిమందికి సాక్స్11 చూస్తారు.

సి.ఎల్.ఎల్. అయితే చాలామందికి వెంటనే మందే అక్కరలేదు, కనిపెట్టుకుని ఉంటారు. మాంటిల్ అయితే ఎక్కువమందికి త్వరగా మొదలుపెట్టాలి. (కొందరికి అదీ నెమ్మదిగానే నడుస్తుంది. ఆ సంగతీ పరీక్షలే చెప్పాలి.) అక్కరలేని మనిషికి కీమో ఎక్కించడానికా మన చందాలు?

పరీక్షల పేరు చెప్పి ఆస్పత్రులు దోచుకుంటాయని కార్యదర్శిగారు అన్నారు. నిజమే, మేమూ చూశాం. ఆ కోపం ఈ పరీక్షమీద చూపకండి. రైల్వేలో అన్నేళ్ళు పార్సిళ్ళు రాశాం. చీటీమీద ఊరిపేరు లేని మూటను ఏ బండి ఎక్కించమంటారు?

ఇంకొకటి. గడ్డ కోసినవారు దాన్ని మైనం దిమ్మలో పెట్టి ఉంచుతారు. అది అడిగి తీసుకోండి. ఇంకోచోట చూపాలంటే చాలామటుకు మళ్ళీ కోయించుకోనక్కరలేదు.

బయాప్సీకి, మార్కర్ పరీక్షకు కూడా నిధి ఇవ్వాలని తీర్మానం రాసి పంపాం. కమిటీ మళ్ళీ కూర్చునేది వచ్చే నెల. ఆయన అంతవరకు ఆగలేరు గనుక మేము నలుగురం వేసుకుని రేపు కట్టేస్తున్నాం. రసీదు మాత్రం సంఘానికే పంపుతాం.