కాలేజీ ఫుట్‌బాల్‌కు గొంతు ఎవరిస్తారు?

ఢిల్లీ మెట్రో పింక్ లైన్‌లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ స్టేషన్ దగ్గర రైలెక్కితే మూడో స్టేషన్ సరోజినీ నగర్. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దగ్గర మొదలై, హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు దగ్గర ముగిసే ఈ చిన్న ప్రయాణంలో తెలుగు నేల పేర్లు వినిపిస్తూనే ఉంటాయి. సౌత్ క్యాంపస్ స్టేషన్‌కు దగ్గరలోనే తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించిన శ్రీ వెంకటేశ్వర కాలేజీ ఉంది. విద్యార్థులు దాన్ని ముద్దుగా 'వెంకీ' అంటారు. సరోజిని తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ హైదరాబాద్‌లో నిజాం కళాశాల ఏర్పాటులో ముఖ్యుడు. ఆ కళాశాల మైదానం నగర క్రీడా చరిత్రలో పెద్ద పేరు.

ఇన్ని పేర్లు గుర్తున్నాయి. కానీ ఢిల్లీ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టుకు గానీ, ఉస్మానియా జట్టుకు గానీ ఆడిన ఒక్క ఆటగాడి పేరు చెప్పమంటే ఆ కాలేజీల్లో చదువుతున్న వారిలోనే చాలామంది తడబడతారు. అదే అమెరికాలో చదువుకునే తెలుగు విద్యార్థి చేరిన మొదటి నెలలోనే తన యూనివర్సిటీ జట్టు రంగులు, పాట, ఆగర్భ శత్రువెవరో తెలుసుకుంటాడు. అక్కడి ఫుట్‌బాల్ వేరే ఆట, నిజమే. తేడా ఆటలో లేదు, ఆటను వినిపించిన తీరులో ఉంది.

1921 అక్టోబర్ 8న పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ రేడియో కేంద్రం పిట్స్‌బర్గ్, వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీల మధ్య మ్యాచ్‌ను ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. కాలేజీ ఫుట్‌బాల్‌ను రేడియోలో వినిపించడం అదే మొదలు. ఆ తర్వాత ప్రతి పెద్ద యూనివర్సిటీకీ సొంత వ్యాఖ్యాత, సొంత రేడియో నెట్‌వర్క్ వచ్చాయి. ఒకే గొంతు ముప్ఫై, నలభై ఏళ్లు ఒకే జట్టు గురించి మాట్లాడుతూ పోయింది. తండ్రి విన్న గొంతునే కొడుకూ విన్నాడు. డబ్బు తర్వాత వచ్చింది. 1984లో ఓక్లహామా యూనివర్సిటీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో ఎన్‌సీఏఏ టీవీ గుత్తాధిపత్యాన్ని కొట్టేశాక ప్రసార హక్కులు కోట్ల డాలర్ల వ్యాపారమయ్యాయి. 2022లో బిగ్ టెన్ కాన్ఫరెన్స్ ఏడేళ్లకు కుదుర్చుకున్న ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్లకు పైనే. ఆ డబ్బులో ఆటగాళ్లకూ వాటా ఇవ్వాలన్న పరిష్కారానికి 2025 జూన్‌లో కోర్టు ఆమోదం దొరికింది. అంటే దశాబ్దాల పాటు ఆటగాడికి చిల్లిగవ్వ జీతం లేకుండానే ఆ సామ్రాజ్యం నడిచింది. ఆదర్శంగా చెప్పుకోవాల్సింది ఆ వ్యాపారాన్ని కాదు. దానికి ముందున్న అరవై ఏళ్ల రేడియోను.

భారత్‌లో ఆట లేక కాదు. ఉస్మానియాలో చదువుకున్న సయ్యద్ అబ్దుల్ రహీం, కాలేజీ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి ఆడిన 'ఎలెవన్ హంటర్స్' జట్టులో ఆడి, బడిలో పాఠాలు చెప్పి, 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో ఢిల్లీ వచ్చి డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌నూ ఓడించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో ఎనిమిది మంది హైదరాబాదీలే. 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం రహీం చివరి విజయం. మరుసటి ఏడాది జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఈ కథ దేశానికి విస్తృతంగా తెలియడానికి 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా రావాల్సి వచ్చింది.

అదే ఏళ్లలో ఢిల్లీ ఆకాశవాణి నుంచి తెలుగు వార్తలు వచ్చేవి. తర్వాత సినీ నటుడిగా పేరు తెచ్చుకున్న కొంగర జగ్గయ్య అక్కడ వార్తలు చదివినవారే. ఆ గొంతుకు ఇంటింటా గుర్తింపు ఉండేది. ఫుట్‌బాల్‌కు తెలుగులో అలాంటి గొంతు దొరకలేదు. బెంగాలీలకు, మలయాళీలకు దొరికింది. 2022 ప్రపంచ కప్‌ను జియో సినిమా ఇంగ్లిష్, హిందీ, తమిళం, మలయాళం, బెంగాలీల్లో వినిపించింది. తెలుగు లేదు. విచిత్రమేమంటే అదే ఏడాది మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. 2018లోనే తెలుగు క్రీడా ఛానల్ పెట్టిన స్టార్ సంస్థ లెక్క క్రికెట్, కబడ్డీల లెక్క. వ్యాపారం కోణంలో దాన్ని తప్పుపట్టలేం.

ఆ హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడు లేదు. 2025 అక్టోబర్‌లో యాజమాన్యం జట్టును ఢిల్లీకి తరలించి 'స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ' అని పేరు మార్చింది. కొత్త ఇల్లు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం సరోజినీ నగర్‌కు దూరమేమీ కాదు. మరుసటి నెలలో లీగ్ వాణిజ్య హక్కులకు పిలిచిన టెండర్‌కు ఒక్క బిడ్ కూడా రాలేదు. పైనుంచి డబ్బు పోసి అభిమానాన్ని సృష్టించవచ్చన్న పదేళ్ల ప్రయోగం ఎక్కడ తేలిందో చెప్పడానికి ఈ రెండు సంగతులూ చాలు. రాత్రికి రాత్రి ఊరు మారిన జట్టుకు సంప్రదాయం ఎక్కడిది? కాలేజీ ఊరు మారదు. దాని బలమంతా అందులోనే ఉంది.

సర్టిఫికెట్ కోసం ఆట

మరి కాలేజీ ఆటకు జనం ఎందుకు లేరు? ప్రసారకర్తల్ని నిందించడం తేలిక. అసలు చిక్కు పోటీల అమరికలో ఉంది. భారత విశ్వవిద్యాలయాల సంఘం ఏటా ముందు జోన్ల వారీగా, తర్వాత అఖిల భారత స్థాయిలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు నిర్వహిస్తుంది. ఢిల్లీ ఉత్తర జోన్, ఉస్మానియా దక్షిణ జోన్. ఏ ఏడాది ఏ యూనివర్సిటీ ఆతిథ్యమిస్తే అక్కడికి జట్లన్నీ వెళ్లి, కొద్ది రోజుల్లో వరుసగా మ్యాచ్‌లు ఆడేసి రైలెక్కుతాయి. ప్రత్యర్థిని డ్రా నిర్ణయిస్తుంది. సొంత మైదానంలో తన విద్యార్థుల ముందు ఆడే అవకాశం జట్టుకు ఏళ్ల తరబడి రాకపోవచ్చు. హార్వర్డ్, యేల్ 1875 నుంచి ఒకరి మీద ఒకరు ఆడుతున్నారు. అదే ప్రత్యర్థి, అదే కాలం, మళ్లీ మళ్లీ రావడమే సంప్రదాయం. మన దగ్గర సెయింట్ స్టీఫెన్స్, హిందూ కాలేజీల మధ్య పోటీకి పేరుందంటే కారణం రెండూ ఎదురెదురుగా ఉండటమే. డ్రా తీసి కలిపిన జట్లు కావవి.

ఆటగాడి వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీకి ప్రాతినిధ్యం వహించినట్టు సర్టిఫికెట్ ఉంటే కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటా ఉద్యోగానికి అర్హత వస్తుంది. దిగువ మధ్యతరగతి కుర్రాడికి అది చిన్న విషయం కాదు. జట్టులో చోటు, సర్టిఫికెట్, గుమాస్తా ఉద్యోగం, అదృష్టముంటే సరోజినీ నగర్ లాంటి కాలనీలో క్వార్టరు. రహీం కాలంలో పోలీసు ఉద్యోగం చేసిన పనే ఇదీ చేస్తుంది. అయితే సర్టిఫికెట్‌కు ప్రేక్షకుడితో పనిలేదు, సంతకముంటే చాలు. ఖాళీ మైదానంలో ఆడినా, నిండిన మైదానంలో ఆడినా దాని విలువ ఒకటే.

ఆ క్వార్టర్ల ముందు పిల్లలు బంతి తన్నుకునే పచ్చిక చదరాల రోజులు కూడా అయిపోతున్నాయి. సరోజినీ నగర్ సహా ఏడు కాలనీల్లోని 12,970 పాత ఇళ్లు కూల్చి సుమారు 25,667 కొత్తవి కట్టాలని కేంద్ర మంత్రివర్గం 2016 జులైలో నిర్ణయించింది. 2018లో వేలాది చెట్ల నరికివేతపై జనం రోడ్డెక్కితే హైకోర్టు ఆపింది. చెట్ల గురించి మాట్లాడినంతగా ఆటస్థలాల గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఒక ప్రొఫెసర్, ఒక మైకు

ఢిల్లీకి అలాంటి గొంతు ఒకటి ఉండేది. నోవీ కపాడియా. యూనివర్సిటీ నార్త్ క్యాంపస్‌లోని శ్రీ గురు తేగ్ బహదూర్ ఖాల్సా కాలేజీలో ఇంగ్లిష్ ప్రొఫెసర్. తరగతి అయ్యాక అంబేద్కర్ స్టేడియం మెట్ల మీద ఉండేవారు. ఢిల్లీ లీగ్‌లో అశోకా క్లబ్‌ను నడిపారు. దూరదర్శన్‌లో దశాబ్దాల పాటు వ్యాఖ్యానం చేశారు. 2017లో 'బేర్‌ఫుట్ టు బూట్స్' పేరుతో భారత ఫుట్‌బాల్ చరిత్ర రాశారు. హైదరాబాద్ పాత ఆటగాళ్ల గురించి తెలుగువాళ్ల కంటే ఎక్కువగా ఆయనే చెప్పేవారు. మోటార్ న్యూరాన్ వ్యాధితో మంచానపడి 2021 నవంబర్‌లో చనిపోయారు. చివరి రోజుల్లో చికిత్సకు క్రీడా మంత్రిత్వ శాఖ సంక్షేమ నిధి నుంచి 4 లక్షల రూపాయలు ఇచ్చింది. ఆయన తర్వాత ఆ మెట్ల మీద కూర్చుని సాధారణ లీగ్ మ్యాచ్‌ను కూడా గుర్తుపెట్టుకునే మనిషి ఢిల్లీకి దొరకలేదు. డ్యూరాండ్ కప్ అప్పటికే, 2019లో కోల్‌కతాకు వెళ్లిపోయింది.

2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ వల్ల కాలేజీ ఆటలకు తెర మీద చోటు వచ్చింది. అదీ ఏటా ఊరు మారే పండగే.

ఇక్కడ అందరూ మరిచిన నిబంధన ఒకటుంది. కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదు, అది ఎప్పటినుంచో ఉన్న నిషేధం. కానీ స్థానిక స్థాయి క్రీడా పోటీల ప్రత్యక్ష వ్యాఖ్యానానికి మార్గదర్శకాల్లోనే అనుమతి ఉంది. 2002 నుంచే విద్యాసంస్థలకు ఈ రేడియో లైసెన్సులు ఇస్తున్నారు. 100 వాట్ల ట్రాన్స్‌మిటర్ గొంతు కాలేజీ చుట్టుపక్కల పేటలకు సరిపోతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి సొంత రేడియో కేంద్రం ఉంది. జర్నలిజం విద్యార్థులున్నారు, మైకులున్నాయి, వేల కోట్ల హక్కులతో పనిలేదు. ఏ పెద్ద ఛానలూ అడ్డురాదు.

లేనిదల్లా క్యాలెండర్. ఫలానా రెండు కాలేజీలు ఏటా ఫలానా శనివారం ఫలానా మైదానంలో ఆడతాయని ముందే ప్రకటించే పని అంతర్ విశ్వవిద్యాలయ బోర్డుది కాదు, మంత్రిత్వ శాఖదీ కాదు. రెండు కాలేజీల క్రీడా విభాగాలు కూర్చుని ఒక కాగితం మీద సంతకం చేస్తే అయిపోతుంది. శ్రీ వెంకటేశ్వర కాలేజీకి పొరుగునే సౌత్ క్యాంపస్‌లో అరడజను కాలేజీలున్నాయి.