పులి వేటకెళ్ళింది

మొన్న పండక్కి మా ఇంట్లో అందరం టీవీ ముందు చేరాం. బీబీసీ వాళ్ళు 2018లో తీసిన ‘డైనాస్టీస్’లో పులి భాగం వస్తోంది. మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ అడవి, రాజ్‌భేరా అనే ఆడపులి, దాని నాలుగు పసికూనలు. మా వియ్యంకుడుగారు మైమరచి చూస్తున్నారు. మా అమ్మాయికి ప్రసూతి సెలవు అయిపోయింది, సోమవారం ఉద్యోగంలో చేరాలి. ఆయన తన వైపు తిరిగి, “చూశావా అమ్మా, క్రూరమృగమే అయినా పిల్లల్ని ఎలా కనిపెట్టుకుని ఉందో! తల్లంటే అదీ” అన్నారు.

“అది పిల్లల్ని దాచిపెట్టి వేటకెళ్ళిందండీ, మామయ్యగారూ” అంది మా అమ్మాయి.

ఆయన నవ్వేశారు. నాకు మాత్రం ఆ మాట మనసులోంచి పోలేదు. మగపులి పెంపకం జోలికి పెద్దగా రాదు. తల్లి గంటల తరబడి పిల్లల్ని వదిలి వేటాడాలి, తన హద్దులు కాచుకోవాలి. అది వెళ్ళకపోతే పిల్లలు బతకవు. ఆ వెళ్ళడం ఎవరికీ కనపడదు, పిల్లల్ని నాకడం మాత్రం కనపడుతుంది!

అదే వరుసలో ఎంపరర్ పెంగ్విన్లూ ఉన్నాయి. ఆడది గుడ్డు పెట్టి సముద్రానికి పోతుంది. అంటార్కిటికా చలికాలంలో, తిండి లేకుండా, రెండు నెలలకు పైగా గుడ్డును పాదాల మీద పెట్టుకుని పొదిగేది మగది. అది చూసి ఏ మామగారైనా కొడుకు వైపు తిరిగి “తండ్రంటే అదీ” అన్నారా? 2005లో ఈ పెంగ్విన్ల మీదే ఒక సినిమా వస్తే, అమెరికాలో కొందరు సంప్రదాయవాదులు ఏకపత్నీవ్రతానికి ఆదర్శమని మెచ్చుకున్నారు. నిజానికి వాటిలో ఎక్కువ భాగం మరుసటి ఏడాదికి జోడీని మార్చేస్తాయి. కొత్తగా గుంపును చేజిక్కించుకున్న మగసింహం పాత సింహం పిల్లల్ని చంపుతుంది. అదీ ప్రకృతే. దాన్ని ఎవరూ నీతిగా చెప్పరు. ప్రకృతిలోంచి ఏది ఏరుకోవాలో మన ఇళ్ళలో ముందే తేలిపోయి ఉంటుంది.

నేను ఏరుకుంటే జింబాబ్వే అడవికుక్కల్ని ఏరుకుంటాను. గుంపు వేటకెళితే పిల్లల దగ్గర ఒకటి కాపలా ఉంటుంది. తిరిగొచ్చినవి తిన్నది కక్కి పిల్లలకూ తల్లికీ పెడతాయి. మన నల్లమల రేసుకుక్కలదీ ఇదే పద్ధతి. 1970లలో మౌంట్ అబూలో కొండముచ్చులను పరిశీలించిన శాస్త్రవేత్త సారా బ్లాఫర్ హర్డీ, వాటిలో పసిపిల్లను తల్లి దగ్గర్నుంచి మిగతా ఆడవి తీసుకుని మోయడం చూశారు. మనిషి తల్లి కూడా ఏనాడూ ఒంటరిగా బిడ్డను పెంచలేదని తర్వాత పుస్తకమే రాశారు.

మన చట్టానికీ ఆ సంగతి తెలుసు. 50 మందికి తగ్గకుండా పనిచేసే చోట పిల్లల్ని చూసే కేంద్రం ఉండాలని 2017లోనే సవరణ తెచ్చారు. మా అమ్మాయి ఆఫీసులో దానికో గది ఉంది. అందులో పాత ఫైళ్ళు, కాళ్ళు విరిగిన కుర్చీలు ఉన్నాయి. అడిగితే “మీ అమ్మగారున్నారుగా” అన్నారట.

నేనున్నాను, నిజమే. ఆ ఆఫీసు ఊడ్చే ఆమెకు ఎవరూ లేరు. రెండేళ్ళ పిల్లాడిని పదేళ్ళ కూతురికి అప్పగించి వస్తుంది. ఆ పిల్ల బడి మానేసి ఏడాది దాటింది.